పన్నెండు గుంటల నారుమడి

పాత కాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, అచ్చులో పోసి ఆరబెడితే నేను తయారయ్యాను. 12 గుడ్లు పగలకుండా మోసుకొచ్చాక నా పని తీరిపోయినట్టే. కానీ మిషిగన్‌లోని ఈ తెలుగువాళ్లింట్లో, మార్చి నెలలో, నన్ను నారుమడి చేశారు.

బయట ఇంకా మంచు. డెట్రాయిట్ చుట్టుపక్కల మే సగం గడిస్తేగాని మొక్కకు మంచు గండం తప్పదు. వంగ, మిరప వెచ్చదనం కోరే మొక్కలు. మే దాకా ఆగి గింజ వేస్తే కాపు అందుకునే వేళకు మళ్లీ చలి మొదలవుతుంది. అందుకే ఎనిమిది వారాల ముందే ఇంట్లో నారు పోయాలి.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ పెన్సిలు మొనతో నా గుంటలన్నిటికీ అడుగున చిల్లులు పొడిచింది. "నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోద్ది నాన్నా" అంది. ఇటుకలా గట్టిగా ఉన్న కొబ్బరిపీచు పొట్టు మీద గోరువెచ్చని నీళ్లు పోస్తే అది పొంగి బకెట్ నిండా అయింది. చిన్నవాడు మోచేతుల దాకా ముంచేశాడు. ముంచనివ్వాలి కూడా. పిడికిట పిండితే ధార కారకుండా ఒకటి రెండు చుక్కలే రాలితే తడి సరిపోయినట్టని వాడికి చేత్తోనే తెలిసింది.

వంగ గింజ వాడి వేళ్లకు చిక్కలేదు. వేలి కొస తడి చేసి అద్దితే అంటుకుంది. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు, పైన పలచగా పొట్టు. అక్క ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసింది. తమ్ముడికి ఇంకా అక్షరాలు రావు కాబట్టి వంగకు ఊదా, మిరపకు ఎరుపు పూశాడు.

మిరప మొలవాలంటే ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అంత ఓపిక నాలుగేళ్లవాడికి ఎక్కడిది? అమ్మమ్మ పోపులపెట్టెలోంచి నాలుగు ఆవాలు తీసి రెండు గుంటల్లో వేయించింది. మూడో నాటికే అవి తలలెత్తాయి. పిల్లలతో నారు పోసేవాళ్లందరూ చేయాల్సిన పని ఇది. కళ్లెదుట ఒకటి మొలిచింది కాబట్టి మిగతావీ మొలుస్తాయని వాడు నమ్మాడు.

మొలకలు కనబడగానే నా మూత కత్తిరించి, నన్ను స్టీలు పళ్లెంలో పెట్టి ట్యూబ్‌లైటు కిందకు చేర్చారు. కిటికీ వెలుగు చాలకపోతే కాడలు సాగి వాలిపోతాయి. పొద్దున లేవగానే లైటు వేయడం అక్క వంతు, పడుకునే ముందు ఆర్పడం తమ్ముడి వంతు. నీళ్లు పళ్లెంలోనే పోస్తారు, నేను అడుగునుంచి పీల్చుకుంటాను. పైనుంచి కుమ్మరిస్తే నారుకుళ్లు తెగులు పట్టొచ్చు.

ఒక గుంటలో జంట మొలకలొచ్చాయి. ఒకటి కత్తిరించాలంటే అక్క ఒప్పుకోలేదు, కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయితే ఆకు పట్టుకుని లేపమ్మా, కాడ పట్టుకోకు, నలిగితే బతకదు" అంటూ అమ్మమ్మ దాన్ని పెరుగు డబ్బాలోకి మార్పించింది.

ఇప్పుడు ఏప్రిల్. వంగకు అసలు ఆకులు వచ్చాయి, నా గుంట వేళ్లకు ఇరుకైంది. నన్ను ముక్కలుగా కత్తిరించి, అడుగు చించి, పెద్ద కప్పుల్లో పెడుతున్నారు. నా అంచు మట్టి పైన మిగిలితే తడినంతా గాలికి వదిలేస్తుంది కాబట్టి అక్క దాన్నీ పూర్తిగా కప్పుతోంది. ఆవ మాత్రం చలికాలపు పంట, దాన్ని ఇప్పుడే బయట నాటొచ్చని అమ్మమ్మ అంది. చిన్నవాడు అప్పుడే బూట్లు వేసేసుకుంటున్నాడు.