సగోత్ర వివాహం

ఒకే పళ్లెంలో పాస్తా, బంగాళాదుంప కలిసి కనిపిస్తే ఆహార నియమాలు వల్లించేవాళ్ల ముఖం, సగోత్రీకుల పెళ్లి శుభలేఖ అందుకున్న పురోహితుడి ముఖంలా మారిపోతుంది. ‘అదీ పిండే, ఇదీ పిండే, ఎలా కుదురుతుంది?’ అన్నది వారి ధర్మసందేహం. గోత్రం ఒకటేనని ఒప్పుకుందాం. గుణాలు చూడకుండా సంబంధం చెడగొట్టడం మాత్రం న్యాయం కాదు. పాస్తాకు వాడే గట్టి గోధుమరవ్వలోని ప్రొటీన్ వలలా అల్లుకుని, ఉడికినా ఆకారం చెడనివ్వదు. బంగాళాదుంపకు అంత పట్టుదల లేదు. ఉడికేకొద్దీ అంచులు కరిగి నీళ్లను చిక్కబరుస్తుంది. ఒకటి పంటికి పని చెబితే రెండోది గుజ్జుగా మారి దాన్ని చుట్టుకుంటుంది. ఇటలీలోని నేపుల్స్ ఇళ్లలో చేసే ‘పాస్తా ఎ పతాతె’ కిటుకు ఇదే. ఉల్లి, సెలెరీ, క్యారెట్ వేగాక దుంపముక్కలు వేసి నీళ్లు పోస్తారు. అవి మెత్తబడ్డాక పాస్తా అదే గిన్నెలో పడుతుంది. వేరేచోట సింకు పాలయ్యే గంజి ఇక్కడ బొట్టు కూడా బయటికి పోదు. పర్మెసాన్ చీజ్ పైచెక్కు కూడా అందులోనే ఉడుకుతుంది. దించేముందు పొగబెట్టిన ప్రొవోలా చీజ్ కలిపితే తీగలు సాగుతుంది.

‘ఇది గతిలేనివాళ్ల వంట’ అని ఇంకో ఆక్షేపణ. నిజమే, డబ్బాల అడుగున మిగిలిన రకరకాల పాస్తా తునకలకు నేపుల్స్ చూపిన సద్గతి ఇది. అయితే లిగూరియావాళ్లు పెస్తో పచ్చడిలో ఖరీదైన పైన్ గింజలు నూరి మరీ, త్రెనెత్తె అనే పాస్తాతో పాటు బంగాళాదుంపలు, బీన్స్ ఉడికించి ఎందుకు కలుపుకుంటారు? ఉత్తరాన వాల్తెల్లీనాలోని తేల్యో ఊళ్లో పిత్సోక్కెరీ అనే పాస్తా వంటకానికి ఏకంగా ఒక అకాడమీ ఉంది. వారి పద్ధతిలో 500 గ్రాముల పిండికి 250 గ్రాముల బంగాళాదుంప, 200 గ్రాముల వెన్న, చీజ్ రెండు రకాలూ కలిపి 400 గ్రాములు పడతాయి. దరిద్రం ఇలా ఉంటుందంటే కోరి తెచ్చుకునేవాళ్లు క్యూ కడతారు. సార్డీనియావాళ్లు ఇంకో అడుగు వేసి, దుంప ముద్దలో పుదీనా, చీజ్ కలిపి పాస్తా పొట్టలోనే కుట్టేస్తారు. కులుర్జోనెస్ అనే ఆ వంటకానికి 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. ఇన్ని ప్రాంతాలవాళ్లు ఎవరి దారిన వాళ్లు ఒకే జతను ఖాయం చేసుకున్నారంటే, అది గతిలేక చేసిన పని అనడం కష్టం.

ఇక మిగిలింది డాక్టర్ల మాట. షుగరు ఉన్నవాళ్లకు ఈ జోడీ జోరు తగ్గించమనడం సబబే. రుచి ఎంత వాదించినా రక్తపరీక్ష కాగితం వినిపించుకోదు. కానీ ఆ లెక్క ఎంత తినాలో చెబుతుంది గానీ, ఏది దేనితో కలవాలో చెప్పదు. పోషకాల పట్టికలో రెంటికీ ఒకే గడి ఉండవచ్చు, నోట్లో మాత్రం నమిలేదానికీ కరిగేదానికీ వేర్వేరు గదులు. అంచేత నిషేధం పెట్టాల్సింది జంట మీద కాదు, రెండోసారి వడ్డన మీద. ప్రొవోలా తీగలు సాగుతుండగా ఆ నిషేధం అమలు చేసే మొనగాడు ఎవరన్నది వేరే ప్రశ్న.