పసుపు చొక్కా

డీఎడ్ రెండో ఏడాది చదువుతున్నాను. అంటే ప్రస్తుతానికి అర టీచర్ని. బళ్లో పిల్లలు నన్ను ‘టీచరండీ’ అంటారు, హెచ్ఎంగారు ‘అమ్మాయ్’ అంటారు, మా కాలేజీ లెక్చరర్‌గారు ‘రోల్ నంబర్ 14’ అంటారు. ఎవరెలా పిలిచినా పలుకుతాను. రికార్డు మీద అందరి సంతకాలూ కావాలి మరి.

ఇంటర్న్‌షిప్‌కి నాకు పడింది గోదావరి గట్టు దిగువన ఒక ప్రాథమిక పాఠశాల. మూడో తరగతి, 27 మంది. టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడ్‌కి ఎదురుగా ‘కళావిద్య’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆ గంటని ఎన్నాళ్లనుంచో ఎక్కాలు కబ్జా చేసి అనుభవిస్తున్నాయి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళల్ని అన్ని తరగతుల్లోనూ పాఠ్యవిషయంగా నేర్పమంది. దాని మీద పరీక్షలో ఒకటిన్నర పేజీ రాసినదాన్ని, రాసిన మాట నిలబెట్టుకోవద్దూ? ‘‘ఈ శనివారాలు నాకిచ్చెయ్యండి మేడం’’ అన్నాను. హెచ్ఎంగారు నన్నూ, కొత్తగా సున్నం వేసిన గోడనీ మార్చి మార్చి చూసి, ‘‘గోడ జాగ్రత్తమ్మాయ్’’ అన్నారు.

నిజం చెప్పాలంటే మా కాలేజీలో కళ అంటే చార్టే. దాన్ని టీఎల్ఎం, అంటే బోధనోపకరణం, అంటాం. నా దగ్గరున్న జలచక్రం చార్టు సీనియర్ల నుంచి సంక్రమించిన ఆస్తి. అందులో దూదితో అంటించిన మేఘం ఐదు బ్యాచ్‌ల చేతులు మారి నల్లబడింది. ఇప్పుడే అది నిజంగా వాన కురిసేలా ఉంది. పిల్లల కోసం చేసిన ఆ చార్టుని పిల్లలు మాత్రం ముట్టుకోకూడదు.

మొదటి శనివారం బెండకాయ అచ్చులు. సంతలో అరకిలో కొన్నాను. కాయని అడ్డంగా కోసి, రంగులో ముంచి కాగితం మీద అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. పీరియడ్ ప్లాన్లో ‘ఐదు’ కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీసుకున్నాను. ముక్క ఎత్తి చూపించి ‘‘ఎన్ని రేకులు?’’ అన్నాను.

‘‘ఏడండీ’’ అంది కిటికీ పక్క పిల్ల.

నిజంగానే ఏడు. తక్కినవాళ్లు తమతమ ముక్కలు లెక్కెట్టడం మొదలెట్టారు. ఒకడికి ఎనిమిది, పక్కవాడికి ఐదు. ఐదొచ్చినవాడు తనని ముంచేశారని ఏడుపు లంకించుకున్నాడు. వెనక వరసలోంచి ఓ రైతుబిడ్డ లేచొచ్చి, మిగిలిన కాయ తీసుకుని కొన విరిచి చూశాడు. విరగలేదు. ‘‘ముదురుకాయలు అంటగట్టేశాడండీ మీకు’’ అని తీర్పు చెప్పి వెళ్లి కూర్చున్నాడు.

విద్యావేత్త గిజుభాయి రాసిన ‘పగటికల’ పుస్తకంలో మాస్టారు మొదటిరోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే శాంతి ఆట ఆడించబోతాడు, పిల్లలు గోల గోల చేస్తారు, ఆయన సెలవిచ్చి పంపేస్తాడు. నాకు సెలవిచ్చే అధికారం లేదు. ఇంటిగంట కొట్టే అధికారం కూడా మా బళ్లో వంటావిడదే.

పువ్వుల తోట వెయ్యమంటే ఒకడు అచ్చులన్నీ వరసగా అద్ది, పైన పెట్టెలు గీసి, గూడ్సుబండి అన్నాడు.

‘‘ఏడు పలకల చక్రాలు కదా నాన్నా, కదులుద్దా?’’

‘‘గుద్దుకుంటా కదులుద్దండీ.’’

పోస్టర్ కలర్లకి ఆ ఒక్క గంటలో నూట ఎనభై రూపాయలు ఎగిరిపోయాయి. స్టైపెండు లేని కళాకారిణిని కాబట్టి రెండో శనివారం ప్రకృతి రంగులకి దిగాను. ఇటుకపొడి, బొగ్గు, ఆకుపసరు, పసుపు. ఎవరింట్లో ఉన్నవి వాళ్లే తెచ్చారు. అన్నిట్లోకీ పసుపు బాగా అంటింది. కాగితానికి అంటింది, నేలకి అంటింది, పుట్టినరోజని తెల్లచొక్కా తొడుక్కొచ్చిన గూడ్సుబండివాడికి ఇంకా బాగా అంటింది. గోడకి మాత్రం అంటలేదు. ఆ ఒక్క విజయంతో ఆదివారం హాయిగా నిద్రపోయాను.

సోమవారం ప్రార్థన కాకముందే వాళ్లమ్మ వచ్చింది. చేతిలో చొక్కా. జేబు కింద అరచేతి మేర ఎర్రటి మరక.

‘‘పసుపన్నాడండీ ఈడు. సబ్బెట్టి రుద్దేసరికి రగతం తేలిందండీ. నిజం చెప్పండి టీచరమ్మగారూ, ఎవరు కొట్టారండీ ఈడ్ని?’’

హెచ్ఎంగారు నావైపు చూశారు. నేను గబగబా, ‘‘ఎవరూ కొట్టలేదండీ, అదంతా క్షారం వల్లండీ’’ అన్నాను.

‘‘ఏ కలాసండీ ఆ పిల్లోడు?’’

రెండేళ్ల డీఎడ్ అక్కడ నోరెళ్లబెట్టింది. చివరికి దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తొచ్చి బతికిపోయాను. పసుపునీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయి కదండీ, సబ్బులోనూ అలాంటి గుణమే ఉందండీ అన్నాను. వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండాను. ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. తడిపి రెండ్రోజులు ఎండలో ఆరేస్తే ఆ పసుపూ వెలిసిపోతుందన్నాను.

‘‘మరి ఎర్రనీళ్లని ముందే చెప్పొచ్చు కదండీ’’ అని ఆవిడ శాంతించింది. శాంతించనివాళ్లు పిల్లలు. ప్రార్థన వరస చెదిరిపోయి నా చుట్టూ మూగింది. ‘‘నా చొక్కాకండీ, నా చొక్కాకండీ!’’

మూడో శనివారం చొక్కాల జోలికి పోకుండా కాగితాలకి పసుపు పూసి ఆరబెట్టాం. పుల్ల సబ్బునీళ్లలో ముంచి గీస్తే ఎర్రటి గీత. సబ్బుముక్క ఆ తల్లి పంపించిందే. గూడ్సుబండివాడు ఈసారి ఎర్రబండి గీసి, ఇంటినుంచి తెచ్చుకున్న నిమ్మరసంతో సగం పెట్టెలు చెరిపేశాడు. అవి సామర్లకోటలో విడిపోయాయట.

మా లెక్చరర్‌గారు అబ్జర్వేషన్‌కి సరిగ్గా అప్పుడే వచ్చారు. ‘‘చార్టేదమ్మా?’’ అన్నారు. పిల్లల వైపు చూపించి, ‘‘అవేనండీ’’ అన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, చొక్కా దేనికీ తగలకుండా వరసల మధ్య తిరిగి, పదికి ఆరు వేశారు. చార్టు లేనందుకు రెండు కోశారట, తక్కిన రెండూ గోలకి.

రికార్డులో ‘ఉపయోగించిన బోధనోపకరణాలు’ అన్నచోట పసుపు, బట్టలసబ్బు, ఒక తల్లి కోపం అని రాశాను. మూడోది కొట్టేయించి సంతకం పెట్టారు.