దాహం ఎవరిది?

2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఒక్కో అర్ధభాగానికి 3 నిమిషాల నీళ్ల విరామం పెట్టింది ఫిఫా.

ఎండ కాసినా సరే, కాయకున్నా సరే. పైకప్పు మూసి ఏసీ వేసిన స్టేడియమైనా సరే.

ఆటగాడికి గుక్కెడు నీళ్లు. చానల్‌కు గంగాళం నిండా ప్రకటనలు.

3 నిమిషాల్లో మన వీధికొళాయి కింద బిందె కూడా నిండదు. చానళ్ల ఖజానా నిండుతుంది!

ఐపీఎల్ చూసే మన పుంగనూరుకు ఇదేం కొత్త? మ్యాచ్‌కు 4 టైమవుట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. వ్యూహం మైదానంలో, వ్యాపారం తెరమీద.

ఆట నడుస్తున్నా వదలరు. ప్రకటన పక్కనుంచీ కిందనుంచీ తోసుకొస్తే మ్యాచ్ ముడుచుకుని పుంగనూరు ఆవంత అవుతుంది.

ఆవు పొట్టిదైనా చిక్కటి పాలిస్తుంది. ఈ పొట్టి తెరలో బంతి కూడా ఆనదు.

ఆనే వేళకు కెమెరా గ్యాలరీలో ఏడ్చే పిల్లోడి మీదుంటుంది. గోలా? అది రీప్లేలో.

తెల్లవారుజామున బస్టాండు పక్క టీకొట్టు:

"అన్నా, స్కోరెంత?"

"ఆటది తెలీదబ్బా. పాన్ మసాలా మూడు, సిమెంటు రెండు!"