శుభ్ లాభ్, డబుల్ బోగీ

సూరత్ రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో ఇరవై రెండేళ్లుగా నేను మునీమ్‌ని. రాయాల్సిన లెక్కలు రాయడం, రాయకూడనివి గుర్తుపెట్టుకోవడం నా పని. దీపావళి అయిన ఐదో రోజు లాభ్ పాంచమ్. ఆ రోజు గుజరాతీలు దుకాణాలు మళ్లీ తెరిచి కొత్త ఖాతా పుస్తకాలు మొదలుపెడతారు. 2023లో సేఠ్ పుస్తకాలకు పూజ అయ్యాక, మిగిలిన కుంకుమతో నా సొంత పుస్తకం ఒకటి తెరిచాను. స్వస్తిక్ వేసి, పక్కన 'శుభ్ లాభ్' అని రాసి, దాని కింద తెలుగులో 'గోల్ఫ్ ఖాతా' అని రాశాను.

మా ఇంటావంటా లేని ఆట ఇది. మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు, నడపడానికి సూరత్ వచ్చాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల్లో చేతిమగ్గాలు మూగబోయినకొద్దీ ఇక్కడ లింబాయత్, పర్వత్ పాటియా, ఉధనా గల్లీలకు తెలుగు వచ్చింది. నేను చదివిందీ ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలోనే. మా వంశంలో కర్రతో బంతిని కొట్టినవాడు లేడు. గోలీలాటలో మాత్రం మా తాతకు ఊళ్లో పేరుండేదట, ఎంత దూరం నుంచైనా గోలీని గుంతలో వేసేవాడట. ఈ విషయం తరవాత అమెరికాకు రాసిన ఉత్తరంలో 'కుటుంబ క్రీడా నేపథ్యం' కింద రాశాను కూడా.

అసలు కథ ఆ లాభ్ పాంచమ్‌కు రెండు నెలల ముందు వినాయక చవితితో మొదలైంది. ఆ ఏడు మా పంతులు పండుగ సోమవారం అన్నాడు, పక్కింటి గుజరాతీలు మంగళవారం అన్నారు. సోమవారం, సెప్టెంబరు 18న, పొద్దున్నే పత్రి తెంపుకొస్తుంటే హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్.

"మన పిల్లగాడు గెలిచిండు సూసినవా?"

"ఏ పిల్లగాడు బావా?"

"తీగల సాహిత్! గోల్ఫుల!"

కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్. పీజీఏ టూర్‌లో సాహిత్‌కు అది మొదటి గెలుపు. తల్లిదండ్రులది హైదరాబాదే. తండ్రి మురళీధర్ 1987లో పై చదువుకు అమెరికా వెళ్లాడు. కొడుకు పెప్పర్‌డైన్ యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. మణికట్టుకు ఆపరేషన్ అయి ఒక సీజనంతా కూర్చోవాల్సి వచ్చింది. అయినా 2020లో హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్ అనే మూడు పెద్ద కాలేజీ అవార్డులూ ఒకే ఏడాదిలో కొట్టేశాడు. ఇవన్నీ బావ చెప్పలేదు, తరవాత నేను వెతుక్కున్నవి. బావ చెప్పింది ఒక్క ముక్కే. "గోల్ఫ్ మంచిగాడితే అమెరికాల కాలేజీ చదువు ఫ్రీనట."

ఫ్రీ అనే మాట మునీమ్ చెవిన పడకూడదు. ఆ పూట వినాయకుడి కథ చదువుతూ నీలాపనిందల దగ్గర రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాను.

మొదట మా వాడి పేరే అనుకున్నాను. వాడికప్పుడు పదిహేను, బిడ్డకు పదమూడు. రాత్రిళ్లు కూర్చుని అమెరికా కాలేజీ క్రీడల నియమాలు చదివాను. జీఎస్టీ సర్క్యులర్లు చదివి చదివి ఏ భాషలో నియమమైనా అర్థమయ్యే స్థితికి వచ్చాను. కాలేజీ జట్లలో పై అంచె అయిన డివిజన్ వన్‌లో అప్పట్లో మగపిల్లల గోల్ఫ్ జట్టుకు నాలుగున్నర స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు. నాలుగు సరే, ఆ అరకొర పిల్లవాడు ఎవడు? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి తెలిసింది, అది మనుషుల లెక్క కాదు, తాను లెక్క. నాలుగున్నర మీటర్ల గుడ్డ ఉంది, ఎనిమిదిమందికో తొమ్మిదిమందికో జాకెట్లు కుట్టాలి. కోచ్ ఒకడికి ఫీజులో ముప్పాతిక ఇస్తాడు, ఇంకొకడికి పావు, మరొకడికి పుస్తకాల ఖర్చు. మా మార్కెట్లో మొహం చూసి వటావ్, అంటే తగ్గింపు, ఇవ్వడం ఇలాగే ఉంటుంది. ఇక డివిజన్ త్రీలో ఆట పేరుతో పైసా ఇవ్వరు, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ వాళ్లూ ఇవ్వరు.

అప్పుడు కనబడింది ఆ కింది గీత. ఆడపిల్లల జట్టుకు ఆరు.

తెల్లారి ప్రకటించాను. "గోల్ఫ్ ఆడేది బిడ్డ."

మా ఆవిడ చపాతీ పిండి పక్కన పెట్టి వచ్చింది. "నా పుట్టుకల మొదటిసారి వింటున్న, ఆడపిల్లకు ఎక్కువొచ్చే లెక్క. రాయి, గది ముందుగాల రాయి" అంది. మా వాడు మాత్రం ఆ రోజు ఉన్నంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

సామాను సేఠ్ ఇంటి అటక మీద దొరికింది. అమెరికాలో చదివి వచ్చిన ఆయన కొడుకు పాత సంచి. నియమం ప్రకారం పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చు, అందులో తొమ్మిది ఉన్నాయి. సేఠ్ ఊరికే ఇచ్చాడు, అంటే దీపావళి బోనస్‌లో పట్టుకున్నాడు. కర్రలు మా బిడ్డ భుజం దాకా వస్తున్నాయి. మా సాంచెల మిస్త్రీ కొలత కూడా తీసుకోకుండా నాలుగేసి వేళ్లు కోసి, పట్టుకునే చోట పాత బెల్టు ముక్క చుట్టి ఇచ్చాడు. "ఇంక రెండు పిక్కులు ఎక్కువ పడతయి" అని మగ్గం భాషలో భరోసా కూడా ఇచ్చాడు.

డాబా మీద వల కావాలి. నైలాన్ వల ధర అడిగితే కళ్లు తిరిగాయి. చీరల ఊళ్లో ఉండి వల కొనడమేమిటి? గోదాములో అద్దకం చెడిపోయిన సెకండ్స్ చీరలు బరువు లెక్కన తెచ్చి, రెండేసి పొరలుగా కుట్టించి, మూడు వైపులా కట్టాను. జరీ అంచు ఉన్న గోల్ఫ్ ప్రాక్టీసు స్థలం ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది. మొదటి వారం బంతులు చీర చింపుకుని పక్క డాబా మీద ఆరబెట్టిన అప్పడాల్లో పడ్డాయి. బంతి దారి తప్పితే "ఫోర్!" అని అరవాలని ఆటలో మర్యాద ఉంది. మా బిడ్డ "ఫోర్!" అన్నప్పుడల్లా కింద గల్లీలో క్రికెట్ ఆడే పిల్లలు "ఛగ్గా! ఛగ్గా!" అని, అంటే సిక్సర్ అని, సరిదిద్దేవాళ్లు.

మా అమ్మ రోజూ కుర్చీ వేసుకుని చూసేది. "కొట్టుడు, ఎతుక్కునుడు. గిదేం ఆట బిడ్డా?" అనేది. ఒకరోజు ప్లాస్టిక్ గ్లాసు పడుకోబెట్టి దాంట్లోకి బంతిని దొర్లించడం నేర్చుకుంటుంటే మాత్రం లేచి దగ్గరికి వచ్చింది. "ఇది మీ తాత గోలీలాటే గద, కట్టెతోని ఆడుతున్రు" అని, వంగి చూపుడువేలితో ఆరడుగుల నుంచి గ్లాసులో వేసేసింది. అమ్మకు వయసు మీరిపోయింది గానీ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది ఆవిడకే.

ఈ ఆట మాటలతో మాకు ఇంకో చిక్కు. ఆటగాడి స్థాయిని హ్యాండీక్యాప్ అంటారు. సంఖ్య తగ్గినకొద్దీ ఆట పెరిగినట్టు. మార్కండేయ గుడి దగ్గర కలిసిన దూరపు చిన్నాయన, "బిడ్డ ఎట్లాడుతుంది?" అంటే, "హ్యాండీక్యాప్ ముప్పై ఆరు ఉంది చిన్నాయనా, తగ్గించాలె" అన్నాను. ఆయన మొహం దిగులుగా పెట్టి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "తగ్గిస్తే ఎట్లరా? సర్టిఫికెట్‌కు నలభై శాతం ఉండాలె. ఇంకో నాలుగు పెంచుమను, నాకు తెలిసిన డాక్టరున్నడు."

హోలుకు పెట్టిన దెబ్బల లెక్క పార్. దానికంటే ఒక దెబ్బ ఎక్కువైతే బోగీ, రెండెక్కువైతే డబుల్ బోగీ. బోగీలంటే మాకు రైలువే తెలుసు, ఆ రైలే మాకు మైదానం దారి కూడా. మొదట వడోదరా వెళ్లాం, లక్ష్మీ విలాస్ ప్యాలెస్ ఆవరణలో గాయక్వాడ్‌ల గోల్ఫ్ క్లబ్ ఉంది, సేఠ్‌కు అక్కడ ఎవరో తెలుసు. మా ఇంటి నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. అహ్మదాబాద్ దాకా పోతే కెన్స్‌విల్ గోల్ఫ్ మైదానం ఉంది. దాన్ని డిజైన్ చేసింది జీవ్ మిల్ఖా సింగ్. పరుగుల మిల్ఖా సింగ్ కొడుకు, టెక్సస్‌లో అబిలీన్ క్రిస్టియన్ యూనివర్సిటీలో చదువుతూ 1993లో డివిజన్ టూ వ్యక్తిగత ఛాంపియన్ అయినవాడు. కాలేజీ గోల్ఫ్‌కు పోయిన పిల్లవాడు తిరిగొచ్చి గుజరాత్‌లో మైదానం గీశాడన్నమాట. ఇది మా ఆవిడకు చెప్తే, "మన బిడ్డ గూడ నేర్చుకున్నంక లింబాయత్‌ల ఒకటి గీస్తది లే, రైలు కర్సు తప్పుతది" అంది.

జనరల్ బోగీలో గోల్ఫ్ సంచితో ఎక్కడం ఒక అనుభవం. చేపల గాలాలు అన్నారు, తుపాకులు అన్నారు. భరూచ్ దగ్గర ఎక్కిన ఒక ముసలాయన సంచిని భక్తిగా తాకి, మమ్మల్ని భజన మండలి అనుకుని, ఒక పాట పాడమన్నాడు.

ఇసుకలో ఆడటం నేర్పాలని డూమస్ బీచికి తీసుకెళ్లాను. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది. తెల్ల బంతి బాగా కనబడుతుందని నా తెలివి. నాకొక్కడికే కాదు, కుక్కలకూ బాగా కనబడింది. నాలుగు బంతులు అవి పట్టుకుపోయాయి, ఐదోది టమాటా భజియా బండి మీద పడింది. ఖాతాలో రాశాను: బంతులు 5, భజియా 3 ప్లేట్లు, క్షమాపణ 1.

ఏడాది తిరిగేసరికి ఖర్చు వైపు పేజీలు నిండాయి, జమ వైపు కుంకుమ బొట్టు తప్ప ఏమీ లేదు. ఆ సమయంలోనే విదేశీ క్రీడా ప్రవేశాలు ఇప్పిస్తామనే ఒక సంస్థవాళ్లు వీడియో కాల్‌లో దొరికారు. వాళ్లు అడిగిన ఫీజు విన్నాక నాకు మా దలాల్ మొహం గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్లు దుకాణంలో ఇవతల కూర్చున్నవాణ్ణి, మొదటిసారి బేరానికి పెట్టిన తానులా అవతల కూర్చున్నాను. ఫోన్ పెట్టేసి, కోచ్‌లకు నేనే ఉత్తరాలు రాస్తానన్నాను.

ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాం, బిడ్డ ఆడే వీడియో జతచేసి. వెనక చీరల వల, ఆ వెనక మా సాంచెల చప్పుడు. ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన మూడు రోజుల, యాభై నాలుగు హోళ్ల పోటీల్లో వచ్చిన స్కోర్లు పంపమన్నాడు. మర్యాదస్తుడు. రెండో ఆవిడ ఆట సంగతి వదిలేసి, వెనక వచ్చే ఆ తాళం ఏమిటని అడిగింది. పవర్‌లూమ్ అని చెప్పాను. పిల్ల ఊపులో లయ బాగుంది, ఆ చప్పుడు ఆపొద్దు అని రాసింది. మా అమ్మకు చదివి వినిపిస్తే, "నలభై ఏండ్ల సంది మీ నాయిన చెవులు పాడుచేసిన సప్పుడు ఇన్నాళ్లకు పనికొచ్చింది" అంది.

ఇక స్కోర్లు కావాలి కాబట్టి బిడ్డను పోటీకి పంపాను. చిన్న జూనియర్ల పోటీ, ఒక్కరోజుది. కార్డు పక్కపిల్ల రాస్తుంది, చివర సరిచూసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. లెక్కల పని గదా, నేను తాడు అవతల నుంచి నా సొంత లెక్క నడిపాను. నా లెక్కలో 111. కార్డు మీద 112.

గుండె ఆగినంత పనైంది. ఇరవై రెండేళ్లలో నా కూడిక తప్పింది లేదు.

"పదమూడో హోలుల ఎండుటాకు తీస్తుంటే బంతి కదిలింది బాపూ. ఒక దెబ్బ కలుపుకోవాలె."

"ఎవలు సూసిన్రు?"

"నేను సూసిన గద."

మా మార్కెట్లో ఈ మాట ఎవరైనా అంటే ఆ సాయంత్రానికి కొట్టు మూసుకోవాల్సిందే. నేను రైలెక్కేదాకా వాదించాను. ఆకు కదిలించింది గాలి అన్నాను. పక్కపిల్ల అడగలేదు కదా అన్నాను. బోగీలో కూర్చున్నాక బిడ్డ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. మా తీగల సాహిత్, 2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటా. మూడో రోజు ఆటలో బంకర్లో, అంటే ఇసుక గుంతలో, కర్ర వెనక్కి తీస్తుంటే ఇసుక తగిలిందని తనంతట తానే చెప్పి రెండు దెబ్బలు వేయించుకున్నాడు. చివరికి రెండో స్థానంలో నిలిచిన మోరికావాకు రెండు దెబ్బలు వెనక, మూడో స్థానం.

నేను వెంటనే వెనకాల లెక్క వేశాను, అలవాటు. రెండో స్థానానికి కోటి 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకపోతే ఇద్దరూ సమానం, తలా కోటి. అంటే ఇసుక రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లు. మన రూపాయల్లో దాదాపు 21 కోట్లు. టికెట్ వెనక వేసిన ఆ లెక్కను మూడుసార్లు సరిచూశాను. అంక్లేశ్వర్ వచ్చేదాకా నాకు మాట పెగల్లేదు.

కోచ్‌కు 112 అనే పంపాం. డివిజన్ వన్ జట్లకు కావాల్సింది డెబ్బైల్లో అంకె. 111 పంపినా ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ ఒక్క అంకె కొట్టేటప్పుడు నా వేలు వణికింది.

ఈలోగా 2025 జూన్‌లో అమెరికాలో ఒక కోర్టు కాలేజీ క్రీడల మీద ఏదో ఒప్పందానికి ఒప్పుకుంది. అందులో చేరిన కాలేజీల్లో నాలుగున్నర లేదు, ఆరు లేదు. స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి తీసేసి, జట్టులో తొమ్మిదిమందికి మించకూడదన్నారు. నేను కష్టపడి నేర్చుకున్న అరకొర లెక్క పాతదైపోయింది. మా వాడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, మళ్లీ తన మీద పడతానని భయపడతాడు.

మొన్న సంక్రాంతికి సిరిసిల్ల నుంచి మా అక్క వచ్చింది. డాబా ఎక్కి వల చూసి అక్కడే నిలబడిపోయింది. రెండేళ్లు బంతులు తగిలి తగిలి ఒక ఆకుపచ్చ చీర నిండా గుండ్రటి మచ్చలు పడ్డాయి, మట్టివి కొన్ని, గడ్డి రంగువి కొన్ని.

"గీ బొట్ల డిజైన్ మా దిక్కు రాలేదురా. ఎంతకిస్తున్రు?"

నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. "రెండువందల యాభై అక్కా. కొత్త మాలు."

"డిజైన్ కాదు అత్తమ్మా, బంతి దెబ్బలు. చీర గూడ సెకండ్స్" అంది వెనక నుంచి మా బిడ్డ.

అక్క నా వైపు చూసింది, చీర వైపు చూసింది. నూట ఎనభైకి బేరం తెగింది. గోల్ఫ్ ఖాతాలో జమ వైపు మొదటి పద్దు అదే.