ఎర్ర లైటు

సాలూరు లారీల ఊరు. మా ఎదురింటాయన అక్కడ ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. కోరాపుట్ మీదుగా రాయ్‌పూర్ పోయే రోడ్డు ఆయనకి ఇంటి గుమ్మం కిందే లెక్క. లారీ మానేశాక ఒక పాత మారుతి 800 కొనుక్కున్నాడు.

ఆ కారులో ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపే మీటరు లేదు. విజయనగరంలో ఇంజనీరింగు చదివే కొడుకు సెలవులకొచ్చి ఆ లోటు పూడ్చాడు. మూడు సిలిండర్ల ఇంజను. రెండు చుట్లకి మూడు నిప్పురవ్వలు. నిమిషానికి 4000 చుట్లయితే సెకనుకి సరిగ్గా 100 రవ్వలు. ఇగ్నిషన్ కాయిలు నుంచి తీగ లాగి, ఆ జోరుని ఓల్టేజీగా మార్చే ఎల్‌ఎం 2917 చిప్పుకి కలిపాడు. లెక్క వంద దాటితే వెలిగేలా స్టీరింగు వెనక ఎర్ర ఎల్‌ఈడీ బిగించాడు. కందిగింజంత ఉంది. నాలుగు రాత్రులు నిద్రపోలేదు.

“అది వెలగ్గానే పై గేరు వెయ్యాల నాన్నా. ఇంజను అరగదు.”

“అలగేరా.”

ఆదివారం ముగ్గురం ఘాటు ఎక్కాం. తండ్రి తోలుతున్నాడు. కొడుకు కొండలవైపు చూడలేదు, ఎల్‌ఈడీనే చూస్తున్నాడు. మొదటి గేరు, రెండు, మూడు. మలుపులో బరువు లారీ అడ్డం. మళ్ళీ మొదటి గేరు, మళ్ళీ రెండు. లైటు వెలగలేదు. గోటితో కొట్టాడు. వంగి తీగలు నొక్కి చూశాడు. వెలగలేదు.

సుంకిలో టీ తాగాం. కొడుకు తాగలేదు. బానెట్ ఎత్తి కాయిలు దగ్గర తీగ చూశాడు. ఊడలేదు.

“పాడైపోనాది నాన్నా,” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తండ్రి తాళాలు అతని చేతికిచ్చాడు. “నువ్వు తోలు.”

తను పక్క సీట్లో కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.

బండి కదిలింది. రెండో గేరు పడకముందే లైటు వెలిగింది. మూడో గేరుకి ముందు మళ్ళీ వెలిగింది. కొడుకు మొహం వికసించింది. తండ్రిని లేపలేదు. వెనక నుంచి నేనూ మాట్లాడలేదు. ఊరికే లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఇంటి ముందు బండి ఆగాక తండ్రి కళ్ళు తెరిచాడు. దిగి, కొడుకు భుజం తట్టాడు.

“పాడవనేదురా. పదేడుసార్లు ఎలిగింది.”

నా లెక్కా పదిహేడే.