రైతుబిడ్డ యనిపించుకొనుట యెట్లు?

నాగలి పట్టినవాడు రైతనియు, ఆషాఢపు జడివానలో మోకాటిలోతు బురదలో నిలిచి నారుకట్టలు పంచినవాడు మఱింత రైతనియు నాకు చిరకాలముగా నొక భ్రమ యుండెను. పట్టాదారు పాసు పుస్తకమును పెట్టెలో పెట్టి తాళము వేసికొన్నవాడే రైతనియు, ఆ పెట్టె యే పట్టణమున నెన్నవ అంతస్తులో నున్నను వాని రైతుత్వమునకు భంగము లేదనియు తెలిసివచ్చినది ఇటీవలనే. ఈ జ్ఞానోదయము కలిగించినవాడు మా కౌలుదారుని కుమారుడు. వ్యవసాయ కళాశాలలో నాలుగవ సంవత్సరము చదువుచున్నాడు.

ముందు నా సంగతి విన్నవించుకొనవలెను. కృష్ణా పశ్చిమ డెల్టాలో నాకు నాలుగెకరముల మాగాణి గలదు. ఆ చేని గట్టుమీద నేను కాలు మోపి ఏడేండ్లైనది; అదియు నొక పెండ్లికి పోవుచు దారిలో కారు నిలిపి మనుమలకు చూపించుటకు; చూపించినది ప్రక్కవాని చేనని తరువాత తెలిసినది. అయినను నేను రైతును. కేంద్ర ప్రభుత్వమువారు రైతులకు ఏటా మూడు వాయిదాలలో పంపు 6000 రూపాయలు తప్పక నా ఖాతాలో పడుచున్నవి; పత్రికలవారిచ్చు పారితోషికము ఆదాయపు పన్ను గడప నెన్నడును తొక్కలేదు గనుక నా యర్హతకు లోపము రాలేదు. ఆ నాలుగెకరములను పదునాలుగేండ్లుగా దున్ని, నాటి, కోసి, నూర్చి, ఎకరమునకు ఇరువది బస్తాల చొప్పున నాకు కొలిచి, మిగిలినది కొట్టువానికి చెల్లించి, వరి వెనుక చల్లిన మినుముతో ఇల్లు గడుపుకొను మా కౌలుదారు మాత్రము ఏ పుస్తకములోను రైతు కాడు.

వ్యవసాయ విద్యలో రైతుబిడ్డలకు కొన్ని సీట్లు ప్రత్యేకించుట మన ప్రభుత్వములు చేసిన మంచిపనులలో నొకటి. అయితే రైతుబిడ్డ యెవడని తేల్చుటకు ఒక కొలబద్ద వలయును గదా! తల్లిదండ్రుల పేర ఎకరమునకు తగ్గని భూమి యుండవలెను. పిల్లవాడు నాలుగేండ్లైనను పురపాలక సంఘపు ఎల్లలకు వెలుపల చదివి యుండవలెను. మా కౌలుదారుని కొడుకు పలక పట్టిన నాటినుండి ఇంటరు దాటువఱకు పల్లె బడులలోనే చదివినాడు గనుక రెండవ నిబంధనను మూడింతలుగా నెఱవేర్చినాడు. మొదటి నిబంధనకు మాత్రము ఆ యింట సెంటు భూమియు లేదు. కావున మన శాస్త్రప్రకార మతడు రైతుబిడ్డ కాలేక, తనకు వచ్చిన ర్యాంకును నమ్ముకొని అందఱితోపాటు పోటీపడి సీటు సంపాదించుకొన్నాడు.

వసతిగృహములో వానితో గది పంచుకొన్న పిల్లవాని చరిత్ర వేఱు. తండ్రి నగరమున అపార్టుమెంట్లు కట్టించును. ముందుముందు ప్లాట్లు వేయుటకని రహదారి ప్రక్క మూడెకరములు కొని యుంచినాడు. కుమారుడు శీతలీకృత తరగతి గదులలో ఆఱేండ్లు చదివినాడు. కాని ఆ పాఠశాల నిన్నటివఱకు పైరు పండిన చేలలో వెలసినది గావున, ఇప్పటికిని గ్రామ పంచాయతీ క్రిందనే యున్నది. మూడెకరములున్నవి, పంచాయతీయున్నది, ఇక రైతుబిడ్డ కాక మఱేమి? ఆ విధముగా ఆ గదిలో ఒక మంచముమీద రైతుబిడ్డయు, రెండవ మంచముమీద రైతుకు పుట్టిన బిడ్డయు నాలుగేండ్లుగా స్నేహముతో కాపురము చేయుచున్నారు. పిల్లలిద్దఱును మంచివారు, కొలబద్దదే తప్పు.

మా తాతల కాలమున వ్యవసాయ శాస్త్రము చదువదలచిన తెలుగువాడు కోయంబత్తూరునకు రైలెక్కవలసి యుండెడిది. 1945లో బాపట్లలో కళాశాల వెలసిన పిదప ఆ ప్రయాణము తప్పినది. 1964లో రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడినది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబ మసూరి యను పేర నేడును మన విస్తళ్లలో తెల్లగా వెలుగుచున్నది. కావున ఆ విద్యను నిందించువాడు తాను తిన్న అన్నమును నిందించినవా డగును. నా కట్టి సాహసము లేదు. నా సందేహ మొక్కటే: వంగడము కళాశాలనుండి చేనికి వచ్చినట్లు, పిల్లవాడు రాడేమి?

ఇక మా కౌలుదారుని కొడుకు దినచర్య వినుడు. ఉదయము ఏడు గంటలకు క్షేత్ర ప్రయోగము. నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, చేత స్కేలు, చంకలో రికార్డు పుస్తకము, ఇట్టి యాయుధ సంపత్తితో విద్యార్థులు కళాశాల మడులలో దిగుదురు. తలకు కొన్ని గజముల నేల పంచి పంట పండింపు మందురు. కొందఱు ప్రక్క మడిలో పనిచేయు కూలి స్త్రీలకు చాటుగా టీ డబ్బులిచ్చి, తమ నేలలో కలుపు తీయించి, మార్కులు తమ పేర వేయించుకొందురు. భూస్వామ్యము పాఠ్యప్రణాళికలో లేకున్నను స్వయంకృషితో నేర్చుకొనువా రున్నారన్నమాట. మనవాడు బూట్లు గట్టున విడిచి, ప్యాంటు మోకాళ్లకు మడిచి, గంట పనిని పావుగంటలో ముగించెను. గురువుగారు వచ్చి చూచి, పాదరక్షలు లేనందుకు మందలించిరి; పనికి పడిన మార్కులు వేషమునకు తగ్గినవి.

కలుపు మొక్కల కథ యింకను రమ్యము. ఏబది కలుపు మొక్కలను సేకరించి, కాగితముల నడుమ నొక్కి యెండబెట్టి, అట్టల కతికించి, క్రింద లాటిను నామములు వ్రాసి సమర్పింప వలసినదని ఆజ్ఞ. నగరపు పిల్లలు కలుపెక్కడ దొరకునని కలవరపడుచుండగా, మనవాడు శనివారము ఊరికి పోయి, తండ్రి చేని గట్టువెంట (నా చేని యనవలెను కాబోలు) నడచి, తుంగ, గరిక, ఊద, గుంటగలగర, వయ్యారిభామ రెండు సంచుల నిండ తెచ్చి గదిగదికి పంచిపెట్టెను. మొక్కకొక టీ చొప్పున ధర పలికినదట. ఆ వార్త విని తండ్రి నోట చాలసేపు మాట రాలేదు.

“కూలోళ్లకి డబ్బులిచ్చి పీకించి పారేయిస్తున్నాను గదరా ఇన్నేళ్లూ! ఆ ముక్క ముందే చెబితే ఓ ఎకరం కలుపే పెంచేవాణ్ణి.”

వినాయక చవితికి సెలవులో వచ్చినప్పుడు, పూజకు తెచ్చిన గరికను చూపి దాని పేరు సైనొడాన్ డాక్టిలాన్ అని మనవడు సెలవియ్యగా, నాయనమ్మ, “పేరేదైతేనేంరా, పీకకపోతే చేనంతా అదే” అని సిద్ధాంతము చేసినదట. నాలుగేండ్ల కలుపు శాస్త్రమునకు ఇంతకన్న చక్కని సంగ్రహము నేనెఱుగను.

నాట్ల కాలమున వచ్చిన చిక్కు వేఱు. ముఠాకు నారు అందించుటకు మనుషులు చాలక తండ్రి పిలువగా, కుఱ్ఱవాడు వారము దినములు ఇంటియొద్దనుండి నాట్లు వేయించి పోయినాడు. తిరిగి వెళ్లుసరికి వరి సాగును బోధించు పాఠమున హాజరు డెబ్బదియైదు శాతమునకు దిగువకు జాఱినది. “ఈ వారమంతా ఎక్కడున్నావు?” అని అడిగిరట. “వరి నాట్లలో ఉన్నానండి.” “అదే, వరి పాఠానికి ఎందుకు రాలేదని అడుగుతున్నాను.” ఆ వారము తరగతిలో చెప్పిన విషయము, వరుసల నడుమ ఇరువది, కుదుళ్ల నడుమ పదునైదు సెంటీమీటర్లు, చదరపు మీటరునకు ముప్పదిమూడు కుదుళ్లు. అది తండ్రికి విన్నవింపగా, గుత్తకు వచ్చిన ముఠాముందు స్కేలు పట్టుకొని నిలుచున్నచో అందఱును గట్టెక్కి పోవుదురనియు, అటుపైని మీటరునకు ఒక్క కుదురును ఉండదనియు ఆయన బదులు చెప్పెను.

సాయంకాలము ఏడు గంటలకు ఇంటినుండి ఫోను వచ్చును. ఒకనాటి సంభాషణము కుఱ్ఱవాడు చెప్పినది చెప్పినట్లు వ్రాయుచున్నాను.

“ఒరేయ్ అబ్బాయ్, చేలో సుడిదోమ కనబడతందిరా.”

“దుబ్బుకి ఎన్నున్నయ్ నాన్నా? కంకి దశలో ఇరవై, పాతిక దాటితేనే మందు కొట్టాలి.”

“లెక్కపెట్టమంటే పెడతాను గానీ, నేను లెక్కపెట్టేలోపు అవి పిల్లల్ని పెట్టేస్తయ్ రా.”

“నాట్లప్పుడే చెప్పాను గదా, రెండు మీటర్లకో కాలిబాట తియ్యమని. గాలీ వెలుతురూ తగిలితే దోమ తగ్గుద్ది.”

“తీస్తాను బాబూ! ఆ బాటక్కూడా కౌలు కొలవాలి గదా!”

ఈ చివరి వాక్యమును ఏ పరిశోధన కేంద్రమువారును ఖండింపజాలరు. ఆర్థిక నష్టపరిమితి యను గంభీరమైన మాటకు కుఱ్ఱవాడు నేర్చిన యర్థ మొకటి, తండ్రి యెఱిగిన యర్థ మింకొకటి. తెల్లవాఱి ఆయన పురుగుమందుల కొట్టునకు పోయెను. కొట్టువాడు దోమ లెన్నియని యడుగలేదు. పంట మీద ఇత్తువా యని మాత్ర మడిగి, మూడు సీసాలు సంచిలో వేసి, ఖాతా పుస్తకమున వ్రాసికొనెను. శాస్త్రజ్ఞుడు సలహా మాత్రమే యిచ్చును. కొట్టువాడు సలహాతోపాటు అప్పుకూడ నిచ్చును. పాసు పుస్తకము లేనివానికి బ్యాంకులో పంటఋణము సులభముగా పుట్టదు గావున, ఎవడు అప్పిచ్చునో వాడే వానికి ఆచార్యుడు.

రాత్రి తొమ్మిది దాటిన పిదప వసతిగృహమున అసలైన చదువు మొదలగును. వ్యవసాయాధికారి పరీక్ష, బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారి పరీక్ష, విత్తనముల కంపెనీలో కొలువు, ఇవి త్రిమూర్తులు. సాగు చేయుదునన్నవాడు ఆ భవనమున ఒక్కడును లేడు. ఉన్నను పైకి చెప్పడు. “నాలుగేళ్లు చదివి మళ్లీ ఈ బురదలోకే వస్తానంటే కాళ్లు విరగ్గొడతా” అని తండ్రులందఱును ఏకగ్రీవముగా తీర్మానించి యున్నారు. మనవాడు బ్యాంకు పరీక్షకు దీక్షగా చదువుచున్నాడు. ఆ యుద్యోగమే లభించినచో, పట్టా లేదని యతడు మొదట త్రోసిపుచ్చవలసిన దరఖాస్తు తండ్రిదే కావచ్చును.

చివరి సంవత్సరమున విద్యార్థులను కొంతకాలము పల్లెలో నుంచి రైతుయొద్ద పని నేర్పింతురు. ఆంగ్లమున దానికి గల దీర్ఘనామమును కుదించి పిల్లలు ‘రావే’ యందురు. వెళ్లిపోయినవారిని పల్లె పిలుచుటకు ఇంతకన్న తగిన పేరు దొరకదు. మనవానిని వేఱొక మండలమునకు పంపిరి. వాని గదిలోని రైతుబిడ్డను, విధి వైచిత్ర్యమో, జాబితా వైచిత్ర్యమో గాని, మా యూరికే పంపిరి.

మొదటి దినమున రామాలయము ముందర ఆ బృందము రంగుల ముగ్గులతో గ్రామపటము చిత్రించెను. చెఱువు నీలము, చేలు పచ్చన, ఇండ్లు ఎఱుపు. వెనుక బ్యానరు, ముందర పెద్దలు, ఎదుట కెమెరా. ఒక వృద్ధుడు కఱ్ఱ ఆనించుకొని చాలసేపు చూచి, “బాగానే ఉంది గానీ బాబూ, మా ఊరు ఎక్కడుందో మాకెందుకు చూపిస్తున్నారు?” అని అడిగెను. సమాధానము నివేదికలో వ్రాయుదురని తలచెదను.

తరువాత ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ఆతిథేయ రైతును నియమింపవలసి వచ్చెను. పట్టాలున్న రైతులకొఱకు వెదుకగా ఒకడు హైదరాబాదున, ఒకడు అమెరికాలోని కొడుకు నొద్ద, ఒకడు, అనగా నేను, పట్టణమున వ్యాసములు వ్రాయుచు కనబడితిమి. చేలో కనబడినవాడు మా కౌలుదారు ఒక్కడే. కావున శాసనసమ్మతుడైన రైతుబిడ్డ, శాసనసమ్మతుడు గాని రైతునొద్ద శిష్యుడయ్యెను. పిల్లవాడు బుద్ధిమంతుడు, పదిదినములలో బూట్లు గట్టున విడుచుట నేర్చెను, నెల తిరుగకుండ నారుకట్ట కట్టుట నేర్చెను. వెళ్లునాడు తన గురువునకు కళాశాలవా రిచ్చిన ప్రశంసాపత్రమును లామినేషను చేయించి తెచ్చి యిచ్చి పాదములకు నమస్కరించెను. అందులో మా కౌలుదారుని పేరునకు ముందు ‘రైతు’ అని స్పష్టముగా ముద్రింపబడి యున్నది. ఏబదిరెండేండ్ల వయసున వానిని రైతని పిలిచిన మొదటి కాగితమది.

దానిని పట్టుకొని ఆయన బస్సెక్కి మా యింటికి వచ్చినాడు.

“అన్నగారూ, ఇది చూపిస్తే బ్యాంకులో అప్పిస్తారాండీ?”

“ఇది గోడకు తగిలించుకొనేదయ్యా” అంటిని.

“పోన్లెండి. మఱి ఆ రెండో కాగితం…” అని ఆయన మాట మింగెను.

ఆ రెండవ కాగితము కథ క్లుప్తము. పంట సాగుదారుల హక్కులకై 2019లో మన రాష్ట్రమున ఒక చట్టము వచ్చినది. భూమి యజమాని సమ్మతించి సంతకము చేసినచో కౌలుదారునకు పదునొకండు నెలలకు చెల్లు కార్డు నిత్తురు. దానితో పంటఋణము, బీమా, నష్టపరిహారము అడుగవచ్చును. భూమిపై హక్కు మాత్రము వీసమును కలుగదు. ఇంత విపులముగా నేనెఱుగుదును. ఎఱిగియు, సంతకము చేసినచో పొలము పోవునని మా బావమఱది చెప్పిన మాటనే నమ్ముచున్నాను. ఆ దరఖాస్తు మూడేండ్లుగా నా బల్ల సొరుగులో, పాసు పుస్తకము క్రింద భద్రముగా నున్నది.

ఆయన మంచినీళ్లు త్రాగి, ఈ యేటి కౌలు సంక్రాంతికి ముందే కొలుతునని చెప్పి వెళ్లిపోయినాడు. నాకు మనసు చివుక్కుమన్నది. వెంటనే బల్ల ముందు కూర్చుండి, కలము మూత తీసి, తడయక సంతకము చేసితిని — ఈ వ్యాసము క్రింద.