ఘాటారోహణ సూత్రము: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

అన్నవరమున సైకిలు త్రొక్కు మిత్రబృంద మొకదానికి, అందలి పెద్దవాడు శనివారము రాత్రి పొద్దుపోయిన పిమ్మట సెల్‌ఫోనున పంపిన అయిదు వాక్యముల వర్తమానము దైవికముగా నా కంటబడినది. బృందమువారు దానిని చదివి, బదులుగా బొటనవ్రేలి బొమ్మ నొక్కొక్కటి పంపి, అర్థవిచారము లేకయే నిద్రించిరి. పంచకావ్యములకు వ్యాఖ్యలు సంతరించిన కోలాచలము మల్లినాథసూరి తెలుగువాడై యుండగా, ఇంతటి అర్థగర్భితమైన గ్రంథమును వ్యాఖ్య లేక అనాథగా విడిచిపుచ్చుట మన జాతికి తలవంపు గదా యని తలచి ఈ టీకకు పూనుకొంటిని. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ఆ మహనీయుడు నియమము పెట్టుకొనెను. అందు మొదటి సగమును యథాశక్తి పాటింతును; రెండవ సగమును పాటించినచో ఈ వ్యాసమే యుండదు.

మూలము

"రేపు మారేడుమిల్లి, నాలుగింటికల్లా తొలిపావంచాల కాడ. గాలి చూసుకోండి. నీళ్లు రెండు సీసాలు, బెల్లం ముక్క. ఘాట్ మీద ఎవడి గేరు ఆడిదే. పైన బొంగు చికెన్ నాది."

ప్రతిపదార్థము

రేపు = ఆదివారమున; మారేడుమిల్లి = రంపచోడవరమునకు ఆవల, అడవుల నడుమ నున్న గ్రామమునకు (పోవుదము అని క్రియ అధ్యాహారము); నాలుగింటికల్లా = సూర్యోదయమునకు చాల ముందుగా, అనగా ఒకడు నాలుగున్నరకు వచ్చితీరునన్న ఎఱుకతో; తొలిపావంచాల కాడ = అన్నవరపు సత్యదేవుని కొండయగు రత్నగిరి మెట్లు మొదలగు తావున; గాలి = వాయువును; చూసుకోండి = పరీక్షించుకొనుడు; నీళ్లు రెండు సీసాలు = స్పష్టము; బెల్లం ముక్క = పాఠాంతరము గలదు, ముందు చూడుడు; ఘాట్ మీద = కొండదారి యెక్కునపుడు; ఎవడి గేరు = ఎవని పండ్లచక్రపు అమరిక; ఆడిదే = వానిదే (ఏవకారము అన్యయోగ వ్యవచ్ఛేదకము); పైన = దిక్కునుబట్టి కాక ఆకలినిబట్టి యెఱుగవలెను; బొంగు చికెన్ = వెదురు గొట్టమున కూరి నిప్పులపై కాల్చిన కోడిమాంసము; నాది = వివాదగ్రస్తము.

తాత్పర్యము

కోడి కూయకమునుపే రత్నగిరి పాదమున గుమిగూడి, చక్రములు సరిచూచుకొని, దాహమునకు జలమును బలమునకు బెల్లమును వెంటగొని, జగ్గంపేట, గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి చేరి, ఆవల చింతూరు వైపు పోవు ఘాటును ఎవని శక్తికి తగినట్లు వాడు కొంతమేర ఎక్కి, మరలి వచ్చి భుజించి, రానుపోను రెండువందల కిలోమీటర్లకు పైబడు ఆ త్రోవను ఒక్క దినమున ముగింతము. ముగించినవారికి ఫలము కలదు, అని సూత్రకారుని హృదయము.

విశేషములు

నాలుగింటికల్లా. ఈ కాలనియమము చాదస్తము గాదు. దీర్ఘదూరపు సైకిలువారిలో పరాసుదేశమునుండి వచ్చిన ఆడాక్స్ సంప్రదాయ మొకటి కలదు. అందు 200 కిలోమీటర్లను 13½ గంటలలో, 300ను 20 గంటలలో, 400ను 27లో, 600ను 40లో ముగింపవలెను. ముందు వచ్చినవానికి బహుమానము లేదు. గడువు మించినవానికి పేరు లేదు. ఈ పరీక్షలను బ్రెవేలందురు. హైదరాబాదు మొదలగు పట్టణములలో మనవారు పెక్కురు వీనిని గట్టెక్కుచున్నారు. నాలుగును తీర్చినవాడు 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రకు అర్హుడగును. దాని గరిష్ఠపు గడువు 90 గంటలు. ఆ యాత్ర మొట్టమొదట బయలుదేరినది 1891 సెప్టెంబరు 6వ తేదీన. అపుడు చార్లెస్ టెరోన్ అనువాడు 72 గంటలు నిండకమునుపే తిరిగివచ్చి గెలిచెను. అన్నవరమున సత్యదేవుడు వెలసినది ఖరనామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియ గురువారమున, అనగా 1891 ఆగస్టు 6వ తేదీన అని స్థలచరిత్ర. సరిగా నెల అంతరము! ఇది కాకతాళీయమని తార్కికులందురు. వ్యాఖ్యాతకు కాకతాళీయ మనునది లేదు.

తొలిపావంచాల కాడ. హైవే ప్రక్కను కలిసికొనిన సులువై యుండగా మెట్ల మొదలే యేల? ఏలన, ఇది వీరి గురుకులము. గోదావరి డెల్టాలో పుట్టినవానికి ఎత్తనునది పరిచయము లేని పదార్థము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు కాలువనీరు తనంతట తాను ఊరూర పారుటకు ఎంత వాలు కావలెనో ఇంచుమించు అంతే వాలు గల నేల అది. ఆ గట్లపై త్రొక్కి పెరిగినవాడు గాలితో పోరుట నేర్చును గాని భూమితో పోరుట నేర్వడు. డెల్టా ముగిసి మెట్టసీమ మొదలగుచోట, పంపానది యొడ్డున, సుమారు 300 అడుగుల ఎత్తున రత్నగిరి నిలిచియుండుటచే ఈ చుట్టుప్రక్కల సైకిలువారికి గతి కలిగినది. కొండపైకి మోటారుబండ్లకై వేసిన ఘాటు రోడ్డును వీరు మారేడుమిల్లికి సన్నాహముగా నెలల తరబడి వేకువనే ఎక్కుచు, దిగుచు, మరల ఎక్కుచుందురు. క్రొత్తగా పెండ్లియై, పసుపు బట్టలతో, వ్రతమునకు కారులో పోవు దంపతులు వీరిని మొదట చూచినపుడు మ్రొక్కుబడి యనుకొందురు. వ్రతము ముగించి దిగివచ్చునపుడు అదే మనిషి అదే మలుపున చెమటలు గ్రక్కుచు మరల పైకి పోవుచుండగా చూచి, మ్రొక్కు చాల పెద్దదే పాపమని జాలిపడుదురు.

ఒకే కొండను పదేపదే ఎక్కుటకు "ఎవరెస్టింగ్" అను పరాకాష్ఠ యొకటి కలదు. 1924లో ఎవరెస్టుపై అదృశ్యుడైన జార్జి మాలరీకి మనుమడు, అదే పేరు గలవాడు, 1994లో ఆస్ట్రేలియాలోని డోనా బువాంగ్ కొండపై దీనికి నాంది పలికెను. ఎక్కిన ఎత్తులన్నియు కూడి 8848 మీటర్లగువరకు, నడుమ నిద్రింపక త్రొక్కవలెను. రత్నగిరిపై లెక్క వేయగా 97 మారులని తేలినది. ఇందొక చమత్కారము. స్థలపురాణము ననుసరించి రత్నగిరి మేరువునకు పుత్రుడు. కావున తొంబదియేడు పుత్రారోహణములచే ఒక పిత్రారోహణము సిద్ధించుచున్నది. ఎవరెస్టును మేరువుగా గైకొనుట లక్షణావృత్తిచే. మేరువు మరియొక పుత్రుడగు భద్రుడు భద్రాచలమైనాడు. మారేడుమిల్లి ఘాటు ఆ భద్రాచలము పోవు దారియే గావున, మనవారి యాత్ర ఒక సోదరుని ముంగిట బయలుదేరి వేరొక సోదరుని యింటికి పోవుచు నడుమనే మరలి వచ్చుట. బంధువుల యింటికి ఇట్లు పోరాదని మా యమ్మమ్మగారి మతము.

గాలి చూసుకోండి. ఇందు శ్లేష కలదు. టైరులోని గాలి యనునది వాచ్యార్థము. టైరు గట్టిపడుకొలది వేగము పెరుగునని క్రొత్తవారి భ్రమ. గతుకుల త్రోవలో అట్టి చక్రము ప్రతి రాతికిని మనిషిని ఎగురవేసి వాని బలమును వ్యర్థపుచ్చును. పైరగాలి యని రెండవ యర్థము: మధ్యాహ్నము దాటిన పిదప సముద్రమువైపునుండి లేచు గాలి అలసినవాని తిరుగుప్రయాణమునే యెన్నుకొనును. ఊపిరి యని మూడవది. ప్రక్కవానితో ఒక వాక్యము తుదముట్ట పలుకగలిగినంతసేపు త్రొక్కువాడు క్షేమము. తిట్టు కూడ సగములో ఆగిపోయినచో వేగము తగ్గింపవలెను.

బెల్లం ముక్క. కండరములలోను కాలేయమునను శరీరము దాచుకొను చక్కెర సుమారు రెండువేల కెలోరీలు. గట్టిగా త్రొక్కువానికి అది రెండు మూడు గంటలలో అడుగంటును. కొవ్వు ఎంత నిలువయున్నను ఆ వేగమునకు అందిరాదు. అపుడు కాళ్లకంటె ముందు బుద్ధి చెడును: చెట్టునీడ యెల్ల శయ్యాగృహముగా తోచును. కావున ఆకలి పుట్టకమునుపే తినుట యీ విద్యలో మొదటి యాచారము. కొన్ని ఫోనులలో "ప్రసాదం పొట్లం" అను పాఠము కనబడుచున్నది. గోధుమనూకయు తీపియు నేయియు కలిపి ఆకున కట్టి యిచ్చు సత్యదేవుని ప్రసాదము, విదేశములవారు రేకు సంచులలో కొని పిండుకొను మధురలేహ్యములకు ఏ విధమునను తీసిపోదు. రుచిని గూర్చి ప్రశ్నయే లేదు. నేయి జీర్ణమగుటకు ఆలస్యమగునని సూత్రకారుడు బెల్లమునే విధించెను. వ్యాఖ్యాత యీ యొక్క విషయమున సూత్రకారునితో విభేదించుచున్నాడు.

ఎవడి గేరు ఆడిదే. గ్రంథమునకు ఇది హృదయస్థానము. ఇచ్చట పూర్వపక్షము: గేరు మార్చుట పౌరుషహాని గదా? ఒకే గేరు సైకిలుపై కొబ్బరిబొండాల గెలలు కట్టుకొని సంతకు పోయిన మన పెద్దలు దీనిని మెచ్చుదురా? ఈ పూర్వపక్షమునకు లోకోత్తరుడగు ప్రతినిధి దొరకినాడు. టూర్ డి ఫ్రాన్స్ స్థాపకుడగు హెన్రీ డెగ్రాంజ్, గేర్లు మార్చుట నలువదియైదేండ్లు దాటినవారికే తగునని 1902లో వ్రాసెను. ఆయన 1910లో తన పోటీదారులను పెద్ద పెద్ద పిరనీస్ కొండలకు ఎక్కింపగా, ఆక్టావ్ లాపిజ్ అనువాడు సైకిలు నడిపించుకొనుచు వచ్చి నిర్వాహకులను హంతకులని తిట్టెను; ఆ యేటి పోటీ గెలిచినవాడును అతడే. గేరు మార్చు డిరైల్యూరు ఆ పోటీలోనికి వచ్చినది 1937లో; డెగ్రాంజ్ నిర్వహణభారము వదలిన తరువాతి మాట.

సిద్ధాంతము: సంతకు పోవు సైకిలు, పెడలు ఒక చుట్టు తిరుగగా ఇంచుమించు అయిదు మీటర్లు సాగును. ముందు 34 పండ్లు, వెనుక 34 పండ్లు గల కొండగేరున అదే చుట్టునకు రెండు మీటర్లకు కొంచెము పైన మాత్రమే. ఎక్కవలసిన ఎత్తు ఒక్కటే. దానిని పెద్ద ముద్దలుగా మ్రింగుటా, చిన్న ముద్దలుగా నములుటా యన్నదే భేదము. ఆ ముద్ద కొలత ఎవని ఎముకలకు, ఎవని వయస్సునకు, ఎవని రాత్రి నిద్రకు తగినట్లు వానికే తెలియును.

కాని యిది సూత్రకారుని లోతులో సగమే. ఆయన "ఘాట్ మీద" అని దేశనిర్దేశము చేసియున్నాడు. మైదానమున ఈ నియమము చెల్లదని దీనిచే ధ్వనించుచున్నది. ఏలన, చదును నేలపై వేగముగా పోవువానికి ముఖ్యశత్రువు గాలి. వేగము రెండింతలైన దాని అడ్డు నాలుగింతలగును. అందుచే ముందువాని వెనుచక్రము నంటిపెట్టుకొని పోవువాడు తన శ్రమలో నాలుగవ వంతో, అంతకు మించియో మిగుల్చుకొనును. హైవేమీద జగ్గంపేట దాక వంతులవారీగా ఒకరి వెనుక నొకరు పోవుట పరమధర్మము. అచట ఒంటరి పౌరుషము మూర్ఖత. ఘాటుమీదనో, వేగము గంటకు పది కిలోమీటర్లకు పడిపోవును, గాలి అడ్డు లెక్కకు రాదు, ముందువాని వీపు ఇచ్చిన చాటు మాయమగును. మిగిలినది బరువొక్కటే. దానినెవ్వడును మరియొకనికై మోయలేడు. ఇంత తెలిసియు పైకి పోవు స్నేహితుని వీపు కంటి యెదుట నుండగా దాని వెంబడింపక విడుచుట, నెలల తరబడి రత్నగిరి నెక్కినవారికిని అన్నిటికంటె ఆలస్యముగా పట్టుబడు విద్య.

ఆదివారమున జరిగిన దేమనగా, మారేడుమిల్లి దాటి రోడ్డు వంకర తిరిగి వెదుళ్ల నడుమ పైకి లేచుచోట, బృందమునకెల్ల చిన్నవాడు పెడళ్లపై లేచి నిలిచి దూసికొనిపోయెను. వాడు తన గేరుననే పోయెను, వానికది తగినది. కిరాణా కొట్టు నడుపుకొను నడివయస్కుడొకడు కన్నులు హ్యాండిలుపై నిలిపి, లోలోపల అంకెలు లెక్కించుకొనుచు, అందరికంటె నెమ్మదిగా పోయి ఎక్కడను ఆగక ముగించెను. సూత్రకారుడో, చిన్నవాని వీపు చూచి ఓర్వలేక, తన సూత్రమును తానే అతిక్రమించి, పెద్ద గేరున రెండు మలుపులు వెంబడించి, మూడవ మలుపున దిగి, తొడ పట్టుకొని, గట్టుమీద కూర్చుండెను. శాస్త్రకర్తలలో ఇది క్రొత్త గాదు.

పైన బొంగు చికెన్ నాది. ఇది ఫలశ్రుతి. "పైన" అనగా ఘాటు కొసన కాదు. ఘాటు ముగించి మారేడుమిల్లికి మరలిన పిమ్మట, రోడ్డు ప్రక్క వెదురుబొంగులు కాలుచుండు అంగళ్లయొద్ద. కార్తికమాసపు నియమమున్నవారికి ఈ వాక్యము వర్తింపదు. వారు బెల్లపు వాక్యమునే మరల పఠింపవలెను. ఇక "నాది" యన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలిరి. అందరికంటె ముందు చేరి నేనే తినెదనని కొందరు. అందరి ఖర్చును నాదేనని మరికొందరు. సూత్రకారుడు కుంటుచు అందరి వెనుక వచ్చునప్పటికి బొంగులు ఖాళీయై యుండుటచే మొదటి యర్థము తనంతట తానే నిరస్తమైనది. ఆయన వెంటనే మూడవ యర్థమును ప్రతిపాదించెను: తాను వ్రాసినది "నాదీ" యని దీర్ఘాంతము, అనగా తనకును ఒక పాలు ఉంచుడని మాత్రమే. ప్రతివాదులు ఫోను తెరచి మూలప్రతిని పరిశీలించిరి. హ్రస్వమే. మూడు బొంగుల వెలయు ఆయనయే చెల్లించి, ఒక సీసా నీరు త్రాగి, అన్నవరము త్రోవ పట్టెను.